పిట్ట తీసిన కార్డు

కార్డులమ్మ బావ ఫ్యాక్టరీ మేనేజరైన రోజున అక్కవాళ్ళ ఇంట్లో కుర్చీలు చాలక పక్కింటివి తెచ్చి వేశారు. సీసాల ఫ్యాక్టరీలో ఇసుక బస్తాలు మోసే పనితో మొదలైన మనిషి, కొలిమి దగ్గర కనుబొమ్మలు కాల్చుకుని, మేస్త్రీ అయి, షిఫ్టు పెద్ద అయి, చివరికి మెట్లపైన ఉన్న అద్దాల గదిలోకి ఎక్కాడు. అక్కణ్ణుంచి చూస్తే కింద రెండు కొలుములూ, వాటి ముందు తిరిగే మనుషులూ అరచేతిలో గీతల్లా కనిపిస్తారట. ఆ మాట వచ్చిన ప్రతివాడికీ చెప్పి, వీపు చరిచి మరీ కూర్చోబెడుతున్నాడు బావ.

భోజనాలయ్యాక, "ఏం మరదలా, ఊరందరికీ చెప్తావు, సొంత బావకి చెప్పవా? తియ్యి నీ చిలకలేని చిలక జోస్యం," అన్నాడు.

వీధిలో అందరూ కార్డులమ్మ అని పిలిచేది ఈ మరదల్నే. ఇస్త్రీ దుకాణం మీది గదిలో ఆమె కాపురం. ఎండాకాలమైనా వానాకాలమైనా కిందనుంచి ఆవిరి, బొగ్గు వాసన. పక్క వాటాలో ఒంటరిగా బతికి, ఈమె చేతుల్లోనే కన్నుమూసిన ఒక ముసలామె తన బొమ్మల పేకనీ, దాన్ని చదివే విద్యనీ ఈమెకు అప్పజెప్పి పోయింది. మొదట్లో కాలక్షేపం. పోనుపోను అదే పనైంది. పెళ్ళి కుదరనివాళ్ళూ, ఉద్యోగం రానివాళ్ళూ, మొగుడు ఎక్కడికి పోతున్నాడో తెలియనివాళ్ళూ మెట్లెక్కి వస్తూనే ఉంటారు.

ఆమె పేక కలిపి బల్లమీద పరిచింది. బావ కళ్ళు మూసుకుని, నలుగురినీ నవ్వించడానికి ఏదో మంత్రం గొణిగి, ఒకటి లాగాడు. అదృష్టచక్రం వచ్చింది.

"ఇదేంటి, బండి చక్రమా?"

"బండీ లేదు, ఇరుసూ లేదు బావా. మబ్బుల్లో ఉంటుంది. ఇదిగో, ఎడమవైపు పాము, కిందికి జారుతోంది. కుడివైపు నక్క తలకాయవాడు, చక్రాన్ని వీపున అంటించుకుని పైకొస్తున్నాడు. పైన కూర్చున్నదేమో ఆడమొహం ఉన్న సింహం. చేతిలో కత్తి."

"మరి ఈ మూలల్లో రెక్కలేసుకున్న నలుగురు?"

"మనిషి, గద్ద, ఎద్దు, సింహం. పుస్తకాలు చదువుకుంటున్నారు. చక్రం మీంచి ఎవరు పడ్డా తలెత్తరు."

"మా ఆఫీసువాళ్ళే!" అన్నాడు బావ. ఇల్లంతా గొల్లుమంది. "ఇంతకీ ఇందులో నేనెవర్ని?"

"ఇవాళ్టికి పైన కూర్చున్నవాడివి."

"కత్తి కూడా ఉందే తమ్ముడూ, జాగ్రత్త!" అని పక్కనున్న తోడల్లుడి డొక్కలో పొడిచాడు.

ఆ తోడల్లుడే కార్డులమ్మ మొగుడు. అదే ఫ్యాక్టరీలో రెండో కొలిమి దగ్గర పని. అన్నం తినడం, మెట్లెక్కడం, కోపం తెచ్చుకోవడం, ఏదైనా అందరికంటే ఆలస్యంగా చేస్తాడని ఫ్యాక్టరీలో అతన్ని నిదానం అనేవారు. ఇప్పుడూ అందరి నవ్వూ అయిపోయాక నవ్వి, "ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి. ఈ ముక్క చెప్పడానికి ఇన్ని బొమ్మలెందుకే?" అన్నాడు.

పైన కూర్చున్నవాడికి ఇక మిగిలింది దిగడమేనన్న సంగతి కార్డులమ్మ చెప్పలేదు. నవ్వే ఇంట్లో సగమే చెప్పాలి, ఏడ్చే ఇంట్లో మిగతా సగం చెప్పాలి అనేది ముసలామె. అందరూ చూస్తుండగా అక్క కూతురు వచ్చి ఆ కార్డును బల్లమీంచి తీసుకుని, "పాము పాపం, ఎక్కడికి దిగాలో దానికీ తెలియనట్టుంది," అంది. ఆ పిల్లను ఇంట్లో పిట్ట అంటారు. సన్నగా ఉంటుంది, నోట్లో నువ్వుగింజ నానదు. పుట్టిన నాటినుంచి పిన్ని ఒడిలోనే ఎక్కువ పెరిగింది. కార్డులమ్మకు పిల్లలు లేరు.

ఆ ఏడు గడవకముందే గాజు సీసాలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. అన్నీ ప్లాస్టిక్కులోకి మారుతున్నాయి. యజమానులు రెండో కొలిమి ఆర్పేయమన్నారు. కొలిమి ఆరితే దాని ముందు నిలబడేవాళ్ళతో పనేముంది? ఎవర్ని ఉంచాలో ఎవర్ని పంపాలో తేల్చే పని బావ మీద పెట్టారు.

బావ ఒక సాయంత్రం తానే ఇస్త్రీ దుకాణం పక్కనున్న మెట్లెక్కి వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"తమ్ముడూ, నా స్థితి అర్థం చేసుకో. సొంతవాణ్ణి అట్టే పెట్టుకుని పరాయివాళ్ళని తీసేస్తే రేపు నా మొహాన ఉమ్ముతారు. అందుకే మొదటి పేరు నీదే ఇచ్చాను. ఇక ఎవడూ నోరెత్తలేడు."

నిదానం చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. దారం కొరికి, సూదిని జాగ్రత్తగా గోడకున్న కాలెండరుకు గుచ్చాడు. "అంటే నీ నిజాయితీకి నేను సాక్ష్యమన్నమాట," అన్నాడు. కోపంగా కాదు, లెక్క సరిపోయిందో లేదో చూసుకుంటున్నట్టు. "కూర్చో బావా, టీ తాగుదువుగాని."

"తాగడు. వెళ్తాడు," అంది కార్డులమ్మ.

బావ వెళ్ళాడు.

నిదానానికి మరో పని రాలేదు. కొలిమి ముందు సగం జీవితం గడిపినవాడికి వేరే చోట ఎవరిస్తారు? ఆఖరికి పగిలిన గాజు పోగుచేసే గోదాములో కుదిరాడు. లారీల్లో వచ్చిన గాజుపెంకుల్ని రంగులవారీగా విడదీసి గుట్టలు పోయడం. ఇంటికొచ్చాక కార్డులమ్మ అతని చేతుల్లోంచి, జుట్టులోంచి చిన్న చిన్న పెంకులు ఏరేది. "చూశావా, ఒకప్పుడు సీసాలు చేసేవాణ్ణి, ఇప్పుడు వాటికి పాడె కడుతున్నా," అని నవ్వేవాడు. ఆ నవ్వు కూడా మునుపటికన్నా ఆలస్యంగా వచ్చేది.

ఒక వానరోజున ఆకుపచ్చ గాజుగుట్ట జారింది. అతను దాని అడుగున ఉన్నాడు. పైనున్నవాళ్ళు కేకలు పెట్టారు. వేరేవాడైతే గెంతేవాడేమో. అతను తలెత్తి చూశాడట, ఏమిటా అని.

అంత్యక్రియలకు బావ వచ్చాడు. ఎవరూ పక్కకు జరగకపోతే వెనకాలే నిలబడ్డాడు. అక్క వచ్చి కావలించుకుని ఏడిస్తే, కార్డులమ్మ దండెం మీద తడిబట్టలా ఊరికే వేలాడింది. తిట్టలేదు, శపించలేదు. అందరూ ఆమె ఓర్పును మెచ్చుకున్నారు. అది ఓర్పు కాదు. ఆమె ఎదురుచూడటం మొదలుపెట్టింది.

పొద్దున్నే మొహం కడుక్కోగానే, మొదటి మనిషి మెట్లెక్కి రాకముందే, పేక కలిపి బావ పేరున ఒక కార్డు తీసేది. చక్రం కోసం. ఎక్కినవాడు దిగకపోతే ఆ బొమ్మకు అర్థమేముంది? ముసలామె ఎన్నోసార్లు చెప్పింది, ఆ చక్రానికి తిప్పే చెయ్యి బొమ్మలో ఎక్కడా లేదని, అది మంచివాణ్ణీ చెడ్డవాణ్ణీ చూసి తిరగదని. ఆ మాట గుర్తున్నా చెవికెక్కలేదు. రోజూ ఏదో ఒకటి వచ్చేది. కర్రలూ, కప్పులూ, రాజూ, రాణీ. చక్రం మాత్రం అడుగున ఎక్కడో దాక్కునేది. ఇతరుల కోసం తీసినప్పుడు వస్తే, "కలిమిలేములు కావడి కుండలమ్మా, తిరిగే తీరుతుంది," అని ఎంత గట్టిగా చెప్పేదంటే, వచ్చినవాళ్ళు కాస్త భయపడి లేచి వెళ్ళేవారు.

అక్క రాకపోకలు తగ్గాయి. పిట్ట మాత్రం మానలేదు. వచ్చి, పిన్ని మాట్లాడినా మాట్లాడకపోయినా లోకంలోని కబుర్లన్నీ ఏకరువు పెట్టి, కింద ఇస్త్రీ అతనితో కూడా ఒక గొడవ పెట్టుకుని వెళ్ళేది. ఆ పిల్ల వచ్చినంతసేపు గదిలో కిటికీ తెరిచినట్టుండేది.

ఒకరోజు మధ్యాహ్నం వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "పిన్నీ, చదువైపోయింది. ఇంట్లో కూర్చుంటే అమ్మ నస. బట్టల కొట్టువాళ్ళు రమ్మంటున్నారు. నాన్నేమో ఫ్యాక్టరీలో సీసాల తనిఖీకి రమ్మంటున్నాడు, కళ్ళముందుంటావు అని. నువ్వు వద్దంటే మానేస్తా. బాబాయిని పంపేసిన చోటు కదా. ఒక కార్డు తీస్తాను, ఏది మంచిదో చెప్పు."

కార్డులమ్మ పేక కలిపింది. పిట్ట ఎంతోసేపు వేలు ఆడించి ఒకటి లాగి తిప్పింది.

మబ్బులు, పాము, నక్క తలవాడు, కత్తి.

కార్డులమ్మకు ఒళ్ళంతా ఒక్కసారి వెచ్చబడింది. ఇన్నాళ్ళూ రానిది ఇవాళ వచ్చింది. అది కూడా బావ కన్నకూతురే తీసింది. అతని ఫ్యాక్టరీ గురించి అడిగితే వచ్చింది. ఇంకేం కావాలి? అద్దాల గదిలోంచి అతను జారి పడటం, చుట్టూ ఉన్నవాళ్ళు తలెత్తకపోవడం ఆమె కళ్ళకు కట్టింది. ఆ చూపులో ఎదురుగా కూర్చున్న పిల్ల ఎక్కడా లేదు.

"ఫ్యాక్టరీకే వెళ్ళు," అంది. "అక్కడ చక్రం తిరగబోతోంది. దగ్గరుండి చూద్దువుగాని."

"మంచికేనా పిన్నీ?"

"తిరగడమంటే మంచికే."

పిట్ట చేరింది. వెలుగుతున్న తెర ముందు కూర్చుని, పట్టామీద వరసగా పోయే సీసాల్లో బీట, బుడగ ఉన్నవాటిని ఏరి పక్కన పెట్టే పని. కొన్నాళ్ళకి పక్కనే ఉన్న ఇంకో పనికి మనిషి లేక ఆ పిల్లనే రెండూ చూడమన్నారు. ఆ రెండోది, వచ్చిన సీసాల్లో కొన్నిటిని తీసి ఇనుపజాలీ పెట్టెలో బిగించి, గాలి ఎక్కించి, ఎంత ఒత్తిడికి పగులుతుందో చూడటం. జాలీ తలుపు గడియ విరిగి ఉంది. తీగ చుట్టి నడిపిస్తున్నారు. బాగు చేయించాలంటే యంత్రం ఆపాలి, ఆపితే పైవాళ్ళు ఒప్పుకోరు. "వచ్చే వారం చేయిద్దాం," అని బావ అద్దాల గదిలోంచి దిగివచ్చి మరీ చెప్పాడు. ఒకరోజు, కళ్ళకు పెట్టుకునే అద్దాలు గీతలు పడి మసకేస్తున్నాయని పిట్ట వాటిని నుదుటి మీదికి తోసుకుంది. తీగ జారింది. తలుపు తెరుచుకుంది. సీసా పగిలింది.

కార్డులమ్మ ఆసుపత్రికి చేరేసరికి వసారాలో బావ ఒక్కడే గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. అక్క లోపలుంది. కుడికన్ను పోయింది, ఎడమది దక్కుతుందేమో చెప్పలేం అన్నారట. తర్వాత అదీ దక్కలేదు.

ఆమెను చూసి బావ లేవలేదు. "నీ కడుపు చల్లబడిందా మరదలా?" అన్నాడు.

ఎవరైనా విని ఉంటే, బాధలో ఉన్న మనిషి నోటికొచ్చిన మాట అనుకునేవారు. ఆమెకు మాత్రం అతను గుండెలోకి చెయ్యి పెట్టి తీసినట్టయింది. రోజూ పొద్దున్నే తాను ఏం చేసేదో ఇతనికెలా తెలిసింది? అబద్ధమాడే ఓపిక లేదు.

"చల్లబడుతుందనుకున్నాను బావా," అంది.

అతను తల ఊపి, మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఆమె కాసేపు నిలబడి, వేరే చోటు లేక, అదే గోడకు ఆనుకుని కూర్చుంది. మొగుడు పోయాక వాళ్ళిద్దరూ ఒక చోట కూర్చోవడం అదే మొదలు.

ఫ్యాక్టరీ నుంచి పెద్ద ఆఫీసువాళ్ళు వచ్చి పళ్ళబుట్ట పెట్టి వెళ్ళారు. గడియ సంగతి విచారించి, తప్పంతా మేనేజరుదేనని తేల్చారు. యంత్రం ఆపొద్దన్న మాట ఎవరన్నారో ఎవరికీ గుర్తు రాలేదు. బావను పంపేశారు. ఒకప్పుడు అతని దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ మేస్త్రీ ఇప్పుడు అద్దాల గదిలో కూర్చున్నాడు. అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. కార్డులమ్మ ఇన్నాళ్ళూ కోరింది ఇదే. ఆ కబురు విన్నప్పుడు ఆమె పట్టుకున్న గ్లాసు కింద పెట్టేసింది.

పిట్టను ఇంటికి తెచ్చాక రోజూ వెళ్ళేది. ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకునేది. పక్షిగూడులా ఉండే ఇల్లు బావిలా అయింది. అక్క వంటింట్లో గిన్నె పడేసినా అందరూ ఉలిక్కిపడేవారు.

ఒకనాడు మధ్యాహ్నం, అక్క కునుకు తీస్తుండగా, పిట్ట తనంతట తానే లేచి కూర్చుంది. కట్టు విప్పేశారు. రెప్పలు మూసుకుని ఉన్నాయి.

"పిన్నీ, ఆ రోజు నేను తీసిన కార్డు ఎలా ఉంటుందో చెప్పు. గుర్తుంది గానీ, అన్నీ కలిసిపోతున్నాయి. పాము ఎటువైపు?"

"ఎడమవైపు. కిందికి దిగుతుంది."

"నక్క తలవాడు?"

"కుడివైపు. పైకొస్తుంటాడు."

"పైనున్నదాని కళ్ళు ఎటు చూస్తుంటాయి?"

కార్డులమ్మ ఇన్నేళ్ళలో అది గమనించలేదు. "తెలీదే. చూసి చెప్తాను."

"సరే. అర్థం చెప్పు. నవ్వే ఇంట్లో చెప్పే సగం కాదు. మొత్తం."

చెప్పింది. స్థితి మారుతుందని అర్థం, ఎటు మారుతుందో చెప్పదు. బొమ్మ నిలువుగా వస్తే మేలు, తలకిందులుగా వస్తే కీడు అని పుస్తకాల్లో ఉంటుంది గానీ, ముసలామె ఒప్పుకునేది కాదు. చక్రానికి తల ఏది, కాళ్ళు ఏవి అనేది. ఎక్కినవాడు తన మంచితనం వల్ల ఎక్కడు, పడ్డవాడు తన పాపం వల్ల పడడు. చక్రం నడిమధ్య మాత్రం కదలదు. అంచు పట్టుకుని వేలాడకుండా అక్కడికి చేరుకోమని చెప్పడానికే ఆ కార్డు. కానీ ఎలా చేరాలో బొమ్మలో లేదు.

"ఇదంతా నీకు ఆ రోజూ తెలుసు కదా?"

"తెలుసు."

"మరి మంచికే అన్నావు."

ఇక దాచడానికి ఏమీ లేదు. "మీ నాన్న పడతాడనుకున్నానే. ఆ కార్డు ఆయనకొచ్చిందనుకున్నాను. రోజూ ఆయన కోసమే తీసేదాన్ని. నీ చేతికి వచ్చేసరికి..."

పిట్ట వేళ్ళతో దుప్పటి అంచు వెతికి పట్టుకుని మడతపెట్టింది, విప్పింది.

"నేను అడిగింది నా గురించి పిన్నీ," అంది. "నా ప్రశ్న నీకు వినబడనే లేదన్నమాట."

"లేదు."

"వెళ్ళిపో."

కార్డులమ్మ లేచింది. గుమ్మం అవతల బావ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో తెలియదు. ఆమె దాటి వెళ్ళడానికి పక్కకు జరిగాడు, అంతే. ఒక్క మాట అంటే బావుండునని ఆమెకు అనిపించింది. అతని దగ్గరా అనడానికి ఏముంది, గడియ గుర్తుకు రాకుండా?

ఆ తర్వాత ఆమె అక్కడికి వెళ్ళలేదు. పేకను కాల్చనూ లేదు. ఆమెకు కూడు పెట్టేది అదొక్కటే. మనుషులు వస్తూనే ఉన్నారు. కాకపోతే ఇప్పుడు ఎవరైనా కార్డు తీసే ముందు, "నువ్వు అడిగేది నీ గురించా, ఇంకొకరి గురించా?" అని గుచ్చి గుచ్చి అడిగేది. ఇంకొకరి చెడు కోసం అయితే పేక మూసేసేది. దాంతో కొందరు రావడం మానేశారు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడిగేది అదేనని ఆమెకు అప్పుడు గానీ తెలియలేదు. పొద్దున్నే మాత్రం ఏ కార్డూ తీసేది కాదు. కిందనుంచి ఆవిరి పైకొస్తుంటే కిటికీ దగ్గర ఊరికే కూర్చునేది. పైనున్నదాని కళ్ళు ఎటు చూస్తున్నాయో చూడటానికి ఒకటి రెండుసార్లు ఆ కార్డు కోసం చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది. చూస్తే ఎవరికి చెప్పాలి?

చలి మొదలైన రోజుల్లో బావ వచ్చాడు. మెట్లెక్కడానికి ఆయాసపడ్డాడు. ఏదో గిడ్డంగికి కాపలా ఉంటున్నాడట. ఈసారి కూర్చోమనకుండానే కూర్చున్నాడు. కార్డులమ్మ టీ పెట్టి ఇచ్చింది. అతను గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, చల్లారేదాకా తాగలేదు.

"పిట్ట నిన్ను రమ్మంది," అన్నాడు.

ఆమె పొయ్యి దగ్గర్నుంచి తిరిగి చూసింది.

"క్షమించానని అనుకోవద్దని మరీ మరీ చెప్పమంది. జుట్టంతా చిక్కుపడిపోయింది. వాళ్ళమ్మ లాగితే నొప్పిట. నాకా చేతకాదు. నీకు చేతనవుతుందట."

ఇద్దరూ బయల్దేరారు. వీధి మలుపులో రాళ్ళు తేలిన చోట అతను తడబడితే ఆమె మోచెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు. ఎదురొచ్చినవాళ్ళు కొందరు తలలు తిప్పుకున్నారు, కొందరు ఆగి చూశారు.

పిట్ట మంచం దిగి, కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని వీపు తిప్పింది. జుట్టు కింద సగం పీచులా ముద్దకట్టింది. కార్డులమ్మ వెనక కూర్చుని, దువ్వెన పక్కన పెట్టి, ముందు వేళ్ళతోనే కొసల నుంచి విడదీయడం మొదలుపెట్టింది. ఒక్కో పాయా విడిపోతుంటే ఆ పిల్ల మెడ నరాలు కొద్దికొద్దిగా సడలుతున్నాయి. పిట్టా, అని పిలవబోయింది ఆమె.

"మాట్లాడకు," అంది పిట్ట. "దువ్వు."

ఆమె దువ్వింది. పొద్దు వాలేదాకా పట్టింది. చివరికి రెండు చిక్కులు మిగిలాయి, ఎంతకీ రాలేదు. కత్తెర అడగడానికి నోరు తెరవాల్సి వస్తుందని, మళ్ళీ వేళ్ళతోనే మొదలుపెట్టింది.